వరస కలిపిన మనిషి

పంటు ఎక్కినట్టు చూసినవాళ్ళున్నారు. దిగినట్టు చూసినవాళ్ళు లేరు.

సఖినేటిపల్లి రేవు నుంచి అల్లవరం దాకా ఆటోలో వస్తున్నంతసేపూ సత్యదుర్గ ఈ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి చూసుకుంది. మొగుడి బండి రేవులో స్టాండు వేసి ఉంది. హెల్మెట్టు అద్దానికి తగిలించి ఉంది. హ్యాండిలు ఒక పక్కకి తిప్పి తాళం వేసి, కృష్ణమోహన్ ఎప్పుడూ పెట్టినట్టే ఉంది. బండి పెట్టిన మనిషి మాత్రం గోదావరికి ఇవతలా లేడు, అవతలా లేడు.

గోదావరి దాటించే ఆ పంటు మీద టికెట్లు కోసే ముత్యాలు ఆమెకు తెలిసినవాడే. పంటు ఎక్కిన ఎవర్నీ పలకరించకుండా వదలడు. ఇవాళ ఆమె ముఖం వంక చూడలేదు. టికెట్ల కట్ట అంచుని బొటనవేలితో రాసుకుంటూ నీళ్ళకేసి చూస్తూ మాట్లాడాడు.

"ఎక్కేరమ్మా. టికెట్టు నేనే కోసేను."

"దిగేరా?"

"దిగడం అవతలి వాళ్ళు చూస్తారండీ."

అవతల నర్సాపురం ఒడ్డున టీకొట్టు ఆవిడకీ కృష్ణమోహన్ తెలుసు. రొయ్యల లారీల వెంట వెళ్ళినప్పుడల్లా అతను అక్కడే టీ తాగుతాడు. పొద్దుటి పంటులో వచ్చినవాళ్ళందర్నీ చూశాననీ, ఇతన్ని మాత్రం చూడలేదనీ ఆవిడ చెప్పింది. చెప్పి, స్టవ్వు కట్టేసి, కొట్టు తడిక దించేసింది. బేరం నడిచే వేళ కొట్టు కట్టేసే మనిషిని సత్యదుర్గ అంతకుముందు ఎక్కడా చూడలేదు.

గోదావరి అక్కడ వెడల్పే. అయినా మనిషిని మింగి ఊరుకునేంత నది కాదు, మింగితే కక్కుతుంది. పంటు నిండా మోటారు సైకిళ్ళు, బొండాల ఆటో, పూజారిగారి కుటుంబం. అంత మంది మధ్య నిలబడ్డ మనిషి అంత మంది మధ్య నుంచే లేకుండా పోయాడు. కేక లేదు. నీళ్ళ చప్పుడు లేదు. ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా అని అడగ్గా అడగ్గా బొండాల ఆటో అతను మాత్రం ఒక మాట అన్నాడు. ఎవరో ఇద్దరున్నారట. చాలా మర్యాదగా మాట్లాడుతున్నారట.

ఆ మర్యాద అనే మాట దగ్గరే సత్యదుర్గ వెతకడం ఆపి ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చేసరికి మావగారు పెద్దిరాజు వరండాలో కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. కోడలి ముఖం చూశాడు, ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అడగడం మానేసి చాలా రోజులైంది. లోపల హాల్లో అత్తగారు చిట్టెమ్మ పీట మీద కూర్చుని ఎండురొయ్యలకు తలలు తుంచుతోంది. చేట సగం నిండింది. పొద్దున్న సత్యదుర్గ వెళ్ళేటప్పుడూ అలాగే కూర్చుని ఉంది.

రేపు హైకోర్టులో కృష్ణమోహన్ సాక్ష్యం చెప్పాలి. అందరికీ తెలిసిన సంగతే, అందుకే ఎవరూ అనరు.

కిందటి ఎన్నికల ముందు పెద్దిరాజు రొయ్యల చెరువుల దగ్గరున్న మేత షెడ్డులో బస్తాలు దిగాయి. మోస్తుంటే ఒకటి కృష్ణమోహన్ భుజం మీదే కుట్టు పిగిలింది. లోపలున్నది మేత కాదు. నోట్లు. సగం బస్తాలు గెలిచినాయన మనుషులు పట్టుకెళ్ళారు. మిగతా సగం ఓడినాయన మనుషులు పట్టుకెళ్ళారు. పంపినవాడు ఒక్కడే. ఓడినాయన గెలిచినాయన మీద కేసు వేసి, కృష్ణమోహన్‌ని సాక్షిగా పెట్టుకున్నాడు. సాక్షి రెండు సగాలూ చెప్తాడని తెలిశాక ఓడినాయనకీ జ్వరం వచ్చింది. ఇప్పుడు ఆ సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు. కోర్టు పిలిచింది కాబట్టి రావాలన్న లాయరు బెంజమిన్ ఒక్కడే మిగిలాడు. పొద్దున్న నర్సాపురం రైలు స్టేషనులో కాసుకుని కూర్చుని, మనిషి రాలేదని ఫోను చేసిందీ అతనే.

ఈ మధ్య ఆ ఇంటికి జరిగినవన్నీ మేళ్ళే. అదే వింత.

గుండెల్లో మంటగా ఉందని కృష్ణమోహన్ ఒకరోజు వంటింట్లో పెళ్ళాంతో అన్నాడు. మర్నాడు మందుల షాపు అతను మాత్రలు తెచ్చి గుమ్మంలో ఇచ్చాడు. డబ్బులెవరో కట్టేశారన్నాడు. ఫోను నంబరు మార్చాలని అనుకున్నారు. అమలాపురంలో షాపువాడు కొత్త సిమ్ము కవర్లో పెట్టి, మీకోసమే తీసి ఉంచానండీ అన్నాడు. చెరువు మీద కరెంటు పోయి రొయ్య చచ్చి తేలిపోతుందేమోనని పెద్దిరాజు గుండెలు బాదుకుంటుంటే, అడగని జనరేటరు వచ్చి నిలబడింది. ఒక్కరు గొంతు పెంచలేదు. ఒక్కరు వేలు చూపించలేదు. స్టేషనుకెళ్ళి ఏమని చెప్పాలి? బెదిరిస్తే కేసు పెట్టొచ్చు. మేలు చేస్తూ ఉంటే ఎవరి మీద పెడతారు?

అలా ఇంట్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కుళాయి తిప్పి ఆ చప్పుడులో మాట్లాడారు కొన్నాళ్ళు. తర్వాత అదీ మానేశారు. రెండో క్లాసు చదివే పిల్ల సాయిదుర్గ, మంచినీళ్ళు కావాలన్నా ఇంట్లో సైగ చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. గుండెల్లో మంట సంగతి తను పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదని కృష్ణమోహన్‌కి తెలుసు. అతను సత్యదుర్గను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె, కూరలో కారం తగ్గించమని అత్తగారితో అన్నానని చెప్పేది. అతను అడగలేదు, చూశాడు. ఆ చూపు తర్వాత పక్క మీద అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. కొట్టే మొగుణ్ణి భరించే ఉపాయాలు ఊళ్ళో ఆడవాళ్ళకి వందున్నాయి. అనుమానించి ఊరుకునే మొగుడికి ఒక్కటీ లేదు.

సత్యదుర్గ చెప్పులు విప్పి, అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆటోలో వస్తూ రాజోలు దాటాక ఆమెకు ఒక లెక్క తెగింది. తెగినప్పుడు ముందు ఒక్క క్షణం సంతోషం కలిగింది, నేను కాదు అని. ఆ సంతోషానికి ఆమె తన మీద తనే ఉమ్మేసుకోవాలనుకుంది.

"అత్తయ్యా, పంటు మీద వెళ్తున్నట్టు ఆయన నాకు చెప్పలేదు. మావయ్యగారికి చెప్పలేదు. బెంజమిన్ గారికి కూడా స్టేషన్లో కలుస్తానన్నారు గానీ ఏ దారిన వస్తారో చెప్పలేదు."

చిట్టెమ్మ వేళ్ళు ఆగలేదు.

"పొద్దున్న లాయరుగారి ఫోనొచ్చినప్పుడు, రేవుకెళ్ళి చూడమ్మా అన్నది మీరు. ఆయన మీకొక్కరికే చెప్పేరు."

"ఆయ్" అంది చిట్టెమ్మ.

"మీరెవరికి చెప్పేరు?"

ఒక రొయ్య తల తెగి చేటలో పడింది. ఇంకొకటి పడింది.

"అన్నయ్యగారికి."

వరండాలో కుర్చీ కిర్రుమంది. పెద్దిరాజు లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏ అన్నయ్యే? నీకు తోడబుట్టిన మగవాళ్ళెక్కడున్నారు?"

అప్పుడు చిట్టెమ్మ చెప్పింది. కోడలితో కాదు, మొగుడితో కాదు, చేటతో చెప్పింది.

వేసవిలో ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం. చెరువులు లీజుకిచ్చేవాళ్ళున్నారా అని అడిగి, గేటు దగ్గర మంచినీళ్ళు పుచ్చుకున్నాడు. పేరు మురళీమోహన్ అన్నాడు. నీళ్ళిచ్చి, మనిషిని ఏ ఊరండీ అని అడక్కుండా పంపేవాళ్ళు ఈ సీమలో లేరు. నగరం వైపండీ అన్నాడాయన. చిట్టెమ్మ పుట్టిన ఊరు పేరూ నగరమే. గ్యాసు పైపులైను పేలి మంటలొచ్చిన ఏడు ఆ ఊళ్ళో కుటుంబాలు చాలా చెదిరిపోయాయి. ఎవరు ఎక్కడున్నారో తెలియని చుట్టాలు ఆవిడకి చాలామంది. ఫలానా వారి తాలూకానా అని ఆవిడే అడిగింది. ఆయ్ అన్నాడు. అయితే మా పెద్దనాన్నగారి తోడల్లుడి వైపు కదా అంది. ఆయ్ అన్నాడు. అంటే మీరు నాకు అన్నయ్య వరస అవుతారండీ అని తేల్చింది. దానికీ ఆయ్ అన్నాడు. ఆయన ఆ ఒక్క అక్షరమే ఇచ్చాడు. చుట్టరికమంతా ఆవిడే అల్లుకుని, విస్తరి వేసి భోజనం పెట్టి పంపింది.

తర్వాత నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చేసేవాడు. ఏం కూర అని అడిగేవాడు. పిల్లలెలా ఉన్నారని అడిగేవాడు. ఇంట్లో మాటలు తగ్గినకొద్దీ ఫోనులో మాటలు పెరిగాయి.

"మీరెవరూ నాతో మాట్లాడ్డం లేదు కదమ్మా" అంది చిట్టెమ్మ. ఫిర్యాదులా అనలేదు. ఇవాళ ఎండెక్కువగా ఉందన్నట్టు అంది.

పెద్దిరాజు గోడకి ఆనుకున్నాడు. దొంగవెధవకి అన్నం పెట్టి ఇంటి గుట్టంతా వడ్డించావన్నాడు. ఆడదాని నోరన్నాడు. నీ నగరం, నీ వరసలు అని ఇంకా ఏవో అన్నాడు. సత్యదుర్గ అడ్డు రాలేదు. అవన్నీ తనూ అనాలనుకున్నవే. అనకపోవడానికి కారణం ఒక్కటే, అత్తగారు ఏడవడం లేదు.

"తెలియక చెప్పేరు" అంది సత్యదుర్గ, మావగారిని ఆపడానికి.

"తెలిసే చెప్పేను."

చేతిలో రొయ్యని పక్కన పెట్టి చిట్టెమ్మ మొదటిసారి తలెత్తింది. "డాక్టరు దగ్గర మోకాలికి సూది వేయించుకుని వచ్చేను చూడు, ఆ రోజు. ఇంటికొచ్చి ఇంకా కూర్చోలేదు. ఫోనొచ్చింది. సూది నొప్పిగా ఉందా చెల్లాయ్ అన్నాడు. చుట్టాలకి అంత తెలీదమ్మాయ్. మన గురించి అంత తెలిసినవాడు చుట్టం కాడు."

"మరెందుకు మానలేదు?"

"అడిగేను. మీరెవరని అడిగేను. అది నీకెందుకు చెల్లాయ్, మీవాడు ఎక్కడున్నాడో నాకు తెలుస్తున్నంతకాలం వాడికేం కాదు, తెలీకపోతేనే నాకూ భయం అన్నాడు." ఆవిడ పక్కన పెట్టిన రొయ్యని మళ్ళీ అందుకుంది. "నాకు కొడుకు కావాలి. మీ కోర్టూ, మీ ఓట్లూ నేనేం చేసుకోను? వాడెక్కడున్నాడో ఆయనకి చెప్తూ ఉంటే వాడికేం కాదనుకున్నాను. ఇన్నాళ్ళూ కాలేదు కదా."

బయట చెరువుల మీద రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడు ఇంట్లోకి వస్తోంది.

మనుషుల్ని డబ్బుతో కొన్నారని విన్నాం. భయంతో కొన్నారని విన్నాం. ఒక ముసలిదాన్ని, భోజనం చేశావా అని అడిగి కొన్నారు. దీనికంటే చవక బేరం ఏ ఎన్నికల్లోనూ జరిగి ఉండదు.

"ఫోను చెయ్యండి" అంది సత్యదుర్గ. "నేను వినేలా పెట్టండి."

చిట్టెమ్మ చెంగుకి చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెప్పు చెల్లాయ్."

మెత్తటి గొంతు. పెళ్ళి పెద్దగా కూర్చోబెట్టదగ్గ గొంతు. కానీ దాని వెనక ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు లేదు, కాకి లేదు, రోడ్డు లేదు. మనిషి ఎక్కడ కూర్చున్నా చుట్టూ ఏదో ఒక చప్పుడుంటుంది. ఈ మాటకి చుట్టూ లోకమే లేదు.

"అబ్బాయి అవతలి ఒడ్డుకి చేరలేదండీ" అంది చిట్టెమ్మ.

"ఏ అబ్బాయి?"

"మా కృష్ణమోహనండీ."

"చేరతాడులే. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. చిక్కుడుకాయ వండి పెట్టు, ఇష్టం కదా వాడికి."

రేపు సాయంత్రం అంటే కోర్టు లేచిపోయాక. సత్యదుర్గ ఫోను మీదకి వంగింది. "మీరెవరండీ?"

"అమ్మాయ్ సత్యదుర్గా, నీకు పెదనాన్న వరస అవుతానమ్మా."

"ఏ ఆఫీసు మీది?"

చిన్న నవ్వు వినిపించింది. "ఆఫీసంటే బోర్డుంటుంది. బోర్డుంటే దాని ముందు టెంటేసుకుని కూర్చుంటారు. మాకవేమీ లేవు తల్లీ."

"మీ పైన ఎవరూ ఉండరా? అడిగేవాళ్ళు?"

"ఎందుకుండరు? అయిదేళ్ళకోసారి మీరే పంపిస్తారు. వచ్చిన కొత్తలో నీలాగే అడుగుతారు. వాళ్ళింట్లో రాత్రి ఎవరొచ్చి వెళ్ళేరో చెప్తాను. ఇంక అడగరు."

పెద్దిరాజు గుమ్మం పట్టుకుని నిలబడి వింటున్నాడు. సత్యదుర్గ వదల్లేదు. "ఆ బస్తాలు ఎవరు పంపించేరో మీకు తెలుసు."

"తెలుసు. ఏ ఊళ్ళో ఎవరి చేతికెళ్ళేయో కూడా తెలుసు."

"మరి పట్టుకోలేదేం?"

"పట్టుకుంటే ఒకసారికి అయిపోతుందమ్మా. తెలిసి ఊరుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది."

తర్వాత, చిన్నపిల్లకి జాగ్రత్త చెప్పినట్టు, మోకాలికి కాపడం పెట్టుకోవడం మానొద్దని చెల్లెలికి చెప్పి ఫోను పెట్టేశాడు. సత్యదుర్గ వెంటనే మళ్ళీ నొక్కింది. ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చెప్పింది.

ఆమె లేచి తన ఫోనూ, అత్తగారి ఫోనూ, మావగారి జేబులో ఉన్నదీ తీసి, మూడూ ఆపేసి, బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఊరుకోండి" అన్నాడు పెద్దిరాజు. "రేపు సాయంత్రం వస్తాడన్నాడు కదా. వస్తాడు. వాయిదా పోతే పోయింది."

"వచ్చేక?"

"వచ్చేక ఏముంది? చెరువులు చూసుకుంటాడు. ఎన్నికలంటే సంతమ్మా. సంతలో సరుకెక్కడిదని అడిగినవాడు ఇంటికి ఉప్పు కూడా పట్టుకెళ్ళలేడు. షెడ్డు తాళం నేనే ఇచ్చేను. చెరువుల అనుమతి వాళ్ళ చేతుల్లో ఉంది, ఇవ్వనని ఎలా అంటాను? వాడికి చెప్పేను, చూసింది మర్చిపోరా అని. చదువుకున్నాడు కదా, మర్చిపోవడం రాలేదు."

"మనం సరుకా మావయ్యగారూ?"

"కాక?" అన్నాడు పెద్దిరాజు. "నీ ఓటుకి నువ్వు పుచ్చుకోలేదా?"

సత్యదుర్గ పుచ్చుకుంది. ఇద్దరి దగ్గరా పుచ్చుకుంది. ఊరంతా పుచ్చుకుంది. ఆ మాటకి జవాబు లేకపోబట్టే ఈ దేశంలో అంతమంది తలలు వంచుకుని నడుస్తున్నారు.

జవాబు చిట్టెమ్మ దగ్గర నుంచి వచ్చింది. "బస్తాలు దిగిన రోజు టీ ఎవరు పెట్టేరనుకున్నారు?"

ఇద్దరూ ఆవిడకేసి తిరిగారు.

"వాడు చూసింది ఒక్క బస్తా పిగలడం. నేను మనుషుల్ని చూసేను. ఇటువాళ్ళనీ చూసేను, అటువాళ్ళనీ చూసేను. షెడ్డు దగ్గరికి టీ పట్టుకెళ్ళింది నేను, గ్లాసులు తెచ్చుకున్నదీ నేను. పంపించినవాడి మేనేజరు వెనక గదిలో పడుకుంటే దుప్పటిచ్చేను. అడిగితే చెప్పలేనా?"

పెద్దిరాజు మొదట నవ్వాడు. తర్వాత ఆవిడ ముఖం చూసి ఆపేశాడు. సాక్షిగా పిలవని మనిషిని కోర్టు వినదన్నాడు. బెంజమిన్ గారు జడ్జిగారికి చెప్పుకుంటాడని సత్యదుర్గ అంది. నర్సాపురం నుంచి రైలు లేకపోతే రాజమండ్రి నుంచి బస్సుంటుందంది. ఇదంతా వాడి మీద పడుతుందే, కొడుకు వాళ్ళ చేతుల్లో ఉన్నాడే అని పెద్దిరాజు పెళ్ళాం భుజం పట్టుకుని ఊపాడు.

"వాళ్ళు చెప్పినట్టల్లా చేసేను కదండీ" అంది చిట్టెమ్మ నెమ్మదిగా. "ఏం మిగిల్చేరు?"

దానితో ఆయన చెయ్యి జారిపోయింది.

పిల్ల సంగతి తేల్చుకున్నారు. బడి వదిలాక తీసుకొచ్చి, ఎదురింటి వరసలో చివర ఉన్న శిరీష ఇంట్లో దింపి వెళ్ళాలని సత్యదుర్గ అంది. ఆ మాట గొంతు తగ్గించే అంది. చిట్టెమ్మ చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళింది. రెండో చెరువు మీద ఏరియేటరు ఆగినట్టుంది చూసొస్తానని పెద్దిరాజు పెరటి దారిన వెళ్ళాడు. ఆగిన చప్పుడు సత్యదుర్గకేమీ తెలియలేదు. అన్నీ తిరుగుతున్నట్టే వినిపించింది. ఆమె వరండాలో నిలబడి వీధికేసి చూస్తూ ఉంది.

కాస్సేపటికి ముగ్గురూ మళ్ళీ ఒక చోట చేరారు. చిట్టెమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న సంచీ చంకలో పెట్టుకుంది. పెద్దిరాజు కాళ్ళు తడిగా ఉన్నాయి.

గేటు ముందు తెల్ల కారు వచ్చి ఆగింది.

హారను కొట్టలేదు. డ్రైవరు దిగి, గేటు బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వయసులో చిన్నవాడు, తల దువ్వుకుని శుభ్రంగా ఉన్నాడు.

"కోర్టుకెళ్ళాలట కదండీ. అన్నయ్యగారు పంపించేరు."

సత్యదుర్గ మావగారి తడి కాళ్ళకేసి చూసింది. పెద్దిరాజు, పెళ్ళాం ఇంతసేపూ గదిలో ఒక్కతే ఏం చేసిందా అన్నట్టు చిట్టెమ్మకేసి చూశాడు. చిట్టెమ్మ, వరండాలో ఒంటరిగా నిలబడ్డ కోడలికేసి చూసింది. ఆ చూపు సత్యదుర్గకు కొత్త కాదు. పక్క మీద అటు తిరిగి పడుకునే ముందు కృష్ణమోహన్ చూసిన చూపే. బియ్యం డబ్బా మూత బిగించినట్టే ఉంది. ఇల్లు మూడు ముక్కలై ఉంది.

ముందు కదిలింది చిట్టెమ్మ. మెట్లు దిగి గేటు దాకా వెళ్ళింది. "మా అబ్బాయెక్కడున్నాడో నీకు తెలుసా బాబూ?"

"తెలీదండీ. తమరిని ఎక్కించుకోమన్నారు. ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్ళమన్నారు."

"కోర్టుకేనా?"

"ఆయ్, తమరి ఇష్టమండీ."

అతను వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల చల్లగా ఉంది. సీటు మీద మంచినీళ్ళ సీసా, మోకాలి కింద పెట్టుకోవడానికి దిండు ఉన్నాయి. చిట్టెమ్మ దిండుని చాలాసేపు చూసింది. పంటు మీద తన కొడుకుని ఏమని పిలిచి ఉంటారో, వాడు ఎంత నమ్మకంగా అడుగు వేసి ఉంటాడో ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది. ఎక్కలేదు. వెనక్కీ రాలేదు. తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"నువ్వెళ్ళిపో బాబూ" అంది సత్యదుర్గ మెట్ల మీద నుంచి. "మేం బస్సులో వెళ్తాం. పాప బడి నుంచి రావాలి."

డ్రైవరు ఆమెకు చేతులు జోడించాడు. "పాప గురించి దిగులు పడొద్దన్నారండీ. శిరీషగారింట్లో దింపాలట కదా, బడికి వేరే బండి వెళ్ళింది."

సత్యదుర్గ చెప్పులు తొడుక్కోలేదు. మెట్లు దిగింది కూడా ఆమెకు తెలియదు. వీధిలో పడి బడివైపు పరుగెత్తింది. వెనక నుంచి పెద్దిరాజు పిలుపు ఒకసారి వినిపించి ఆగిపోయింది. మలుపు తిరిగాక, కొబ్బరితోటల మధ్య రోడ్డు ముందుకంతా ఖాళీగా ఉంది. బడి ఇంకా కనిపించడం లేదు.

పక్కన ఇంజను చప్పుడు వినిపించింది. తెల్ల కారు ఆమె పరుగుతో సమానంగా, ముందుకి పోకుండా, వెనక పడకుండా మెల్లగా నడుస్తోంది. కిటికీ అద్దం దిగింది. వెనక సీట్లో దిండు ఒక్కటే ఉంది.

"ఎక్కండమ్మా" అన్నాడు డ్రైవరు. "కాళ్ళు కాల్తాయి."